చెంప కింద చెయ్యి

పోయిన వారం మల్లక్కను మిల్లు ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. లోపల సిద్దిరాములు మీద విచారణ నడుస్తోంది. పిలుపు వస్తే ఆమె వెళ్ళి సాక్ష్యం చెప్పాలి.

మధ్యలో వచ్చి చేరినవారికి జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, వరంగల్ పద్మాక్షి నూలు మిల్లులో ఒక పొద్దున దూది ఏకే కార్డింగ్ మిషన్‌లో చెయ్యి పడి యాకయ్యకు మూడు వేళ్ళు పోయాయి. ఆ మిషన్ నడపడం, ఆపడం చూసుకోవలసినవాడు సిద్దిరాములు. ప్రమాదానికి కాస్త ముందు, మిల్లుకు కొత్తగా వచ్చిన వెల్ఫేర్ ఆఫీసర్ కామేశ్వరరావు నూలు వడికే రింగు సెక్షన్ గుమ్మంలో నిలబడి "సిద్దిరాములు ఎక్కడ?" అని అరిచాడు. మిషన్ల హోరులో అరుపు వినబడలేదు గానీ మల్లక్క ఆయన పెదవులు చూసి గ్రహించింది. తెగిన పోగులు వదిలి రాలేక, ఉన్నచోటి నుంచే అరచెయ్యి చెంప కింద పెట్టి చూపింది. సిద్దిరాములు పడుకున్నాడని ఆమె చెప్పినట్టు ఆయన అర్థం చేసుకున్నాడు. అలాగే రిపోర్టు ఇచ్చాడు. డ్యూటీలో నిద్ర, పనిలో నిర్లక్ష్యం, దానివల్ల తోటివాడి చెయ్యి పోవడం, ఇవీ సిద్దిరాములు మీద మోపిన నేరాలు. చార్జిషీటు ఇచ్చి సస్పెండ్ చేశారు. నేరం రుజువైతే డిస్మిస్. నిద్రపోయి మనిషి చెయ్యి తీసినవాడన్న పేరు పడ్డాక ఇంకే మిల్లూ అతన్ని గేటు లోపలికి రానివ్వదు.

అసలు మల్లక్క చెప్పింది నిద్ర సంగతే కాదు. నూలు మిల్లులో పనిచేసేవాళ్ళు నోటితో మాట్లాడుకోరు, చేతులతో మాట్లాడుకుంటారు. పక్కన నిలబడి అరిచినా వినబడని చోట ఇంకేం చేస్తారు? చూపుడువేళ్ళు రెండూ కలిపి విడదీస్తే పోగు తెగింది, ఆపు అని. భుజం మీద రెండుసార్లు తడితే మిస్త్రీ అని, ఎందుకంటే పని పంచే మిస్త్రీ వెంకట్రాజం భుజాన తువ్వాల లేకుండా ఎవరూ అతన్ని చూడలేదు. అరచెయ్యి చెంప కింద పెడితే రాత్రి పాళీ, అంటే రాత్రి షిఫ్టు అని. సాయంత్రం గేటు దగ్గర వెంకట్రాజం ఎవరిని చూసి చెంప కింద చెయ్యి పెడితే వాళ్ళు ఇంటికి పోరు, మళ్ళీ లోపలికి పోతారు. పాళీ మీద పాళీ చేయించడం చట్టం ఒప్పుకోదు. అందుకని ఆ హుకుం కాగితం మీదా ఉండదు, నోటి మీదా ఉండదు. చేతి మీదే ఉంటుంది.

ఆ రోజు సిద్దిరాములు రాత్రి పాళీ దిగి ఇంటికి పోవలసినవాడు. పొద్దటి మనిషి రాలేదని వెంకట్రాజం అతన్నే నిలబెట్టాడు. "ఆయన రాత్రి పాళీ మనిషి, పాపం ఇంకా ఇక్కడే ఉన్నడు" అని చెప్పబోయిన మల్లక్క చెయ్యి, సగం మాట మాత్రమే చెప్పి ఒక మనిషి నౌకరీకి ఉరి బిగించింది.

మెట్ల మీద నిలబడ్డ మల్లక్క కుడిచేతిని కొంగులో చుట్టుకుంది. ఎండ ఇంకా మొదలు కాలేదు, అయినా ఆ చేతికి చెమట పడుతోంది. ఆమెకు భయంగా ఉంది.

పొద్దున ఇంట్లో ఎల్లస్వామి అన్న మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ఎల్లస్వామి ఆమె మొగుడు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. నూలు దొరక్క రెండు నెలలుగా మగ్గం ఆగింది. నూలు మిల్లులో పనిచేసే ఆడదాని మొగుడికి నూలు దొరకని కాలం అది, ఇంతకంటే వెక్కిరింత ఉంటుందా?

"ఏమడిగినా నాకెర్కలేదను," అన్నాడు అతను అన్నం ముందు కూర్చుని, అన్నం తినకుండా. "సిద్దిరాములు మంచోడే, నేను కాదంటలే. గని మనం బతకాలె గదనే."

"నా చెయ్యి వట్టుకొనే గద ఆయన మీద కేసువెట్టిండ్రు," అంది మల్లక్క.

"నీ చెయ్యే ఇప్పుడు ఇంత అన్నం వెడ్తాంది, గది యాదిల వెట్టుకో."

మల్లక్క పర్మనెంట్ మనిషి కాదు, బద్లీ. ఎవరైనా రాకపోతే వాళ్ళ జాగాలో పనిచేసేది. రోజూ తెల్లవారేసరికి గేటు దగ్గర బద్లీలందరూ వరసగా నిలబడాలి. వెంకట్రాజం వచ్చి మొహాలు చూసుకుంటూ పోతాడు. పిడికిలి చూపిస్తే ఆ పూట పని ఉన్నట్టు. అరచెయ్యి బోర్లా తిప్పితే లేనట్టు. ఎందుకు లేదని అడిగేవాళ్ళు లేరు. అడిగితే రేపు కూడా ఆ చెయ్యి బోర్లాయే.

ఆ వెంకట్రాజమే ఇప్పుడు ఆఫీసు తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చాడు. తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు. కోపం ఏమీ లేదు మొహంలో. అదే మల్లక్కను ఇంకా భయపెట్టింది.

"చాయ్ తాగినవా మల్లక్కా?"

"తాగిన మిస్త్రీ."

"ఏం ఫికర్ జెయ్యకు. వకీలు సాబ్ మనోడే, హన్మకొండాయన. చెయ్యి ఎట్ల వెట్టినవో చూపియ్యుమంటడు. చూపియ్యి. గదేందని అడుగుతడు. పండుకున్నడని చెప్పు. అయిపాయె." అతను ఒక మెట్టు దిగి ఆమె పక్కకు వచ్చాడు. "ఉగాదికి నలుగురిని పర్మనెంట్ చేస్తాండ్రు. నేను నీ పేరు జెప్పిన."

"సిద్దిరాములన్న పండుకోలే గద మిస్త్రీ."

వెంకట్రాజం నవ్వాడు. "నువ్వు సూసినవా?"

నిజమే, ఆమె చూడలేదు. రింగు సెక్షన్ నుంచి కార్డింగ్ మిషన్ కనబడదు. దవాఖానలో యాకయ్య మంచం పక్కన కూర్చుని సిద్దిరాములే ఆమెతో ఒక మాట అన్నాడు. "నిలవడ్డకాడనే కండ్లు మూతవడ్డయో ఏమో చెల్లె, నాకే తెల్వదు. రాత్రంత చేసిన, పొద్దుగాల మళ్ల చేసిన. యాకయ్య ఒర్రితే తెలివైంది" అన్నాడు. ఒర్రడం అంటే అరవడం, తెలివి కావడం అంటే మెలకువ రావడం. ఆ మిషన్ల హోరును దాటి చెవిన పడిందంటే ఆ అరుపు ఎలాంటిదో ఊహించుకోండి.

"సూడలే గద," అన్నాడు వెంకట్రాజం. "సూడనిది ఎందుకు జెప్పాలె? నువ్వు చెయ్యి వెట్టింది ఒక్కటే జెప్పు. పండుకున్నట్టు వెట్టినవు. పండుకున్నడని జెప్పు. నీ చెయ్యి అబద్ధమాడలే, నీ నోరెందుకు ఆడాలె?"

అతను చెప్పిన తీరు చూస్తే అబద్ధమే నిజంలా, నిజమే అబద్ధంలా కనబడుతుంది. ఇలాంటివాళ్ళు చదువుకోలేదు గాబట్టి సరిపోయింది గానీ, చదువుకుని ఉంటే లోపలున్న వకీలును బయట కూర్చోబెట్టేవాళ్ళు.

"సాక్షి మల్లక్క!" అని పిలుపు వచ్చింది.

గదిలో పొడవాటి బల్ల ఉంది. దాని మొదట్లో విచారణ అధికారిగా వకీలు రాజేశ్వర్ రావు కూర్చున్నాడు. మిల్లు యాజమాన్యం ఆయనకు ఫీజు ఇచ్చి పిలిపించుకుంది. అయినా ఆయన మొహంలో నేను ఎవరి పక్షమూ కాదన్న గాంభీర్యం ఉంది. ఆయన కుడివైపు యాజమాన్యం తరఫున వెంకట్రాజం వచ్చి కూర్చున్నాడు. అతని పక్కనే వెల్ఫేర్ ఆఫీసర్ కామేశ్వరరావు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉన్నాడు. అప్పటికే తన వాంగ్మూలం ఇచ్చేశాడు. ఎడమవైపు ఒక్కడే సిద్దిరాములు. తోడుగా ఒక కార్మికుణ్ణి తెచ్చుకునే హక్కు అతనికి ఉంది. అతని పక్కన కుర్చీ కూడా వేశారు. ఎవరూ రాలేదు. రాకపోవడానికి అందరికీ పిల్లలున్నారు.

మల్లక్కను బల్ల చివర కూర్చోమన్నారు. ఆఫీసు గదిలో కుర్చీ మీద కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. గది నిశ్శబ్దంగా ఉంది. ఫాను తిరిగే చప్పుడు, బయట రోడ్డు మీద పోయే రిక్షా గంట, అన్నీ వినబడుతున్నాయి. మిల్లు పనిలో ఇంత నిశ్శబ్దం ఆమె ఎన్నడూ ఎరగదు. మిషన్ల హోరులో ఏమన్నా చెల్లుతుంది. ఇక్కడ గొంతు సవరించుకున్నా అందరూ తల ఎత్తి చూస్తున్నారు.

"చూడమ్మా, భయపడకు," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఇది కోర్టు కాదు, పోలీసు ఠాణా కాదు. నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు. బద్లీ వర్కర్‌వి గదా?"

"ఔ సార్."

"ఆ రోజు పొద్దున డ్యూటీల ఉన్నవా?"

"ఉన్న సార్."

"కామేశ్వరరావు గారు వచ్చి సిద్దిరాములు గురించి అడిగితే నువ్వు ఒక సైగ చేసినవు. ఆ సైగ ఇప్పుడు చెయ్యి."

మల్లక్క చెయ్యి కొంగులోంచి రాలేదు. తిరగేసి మెలేసి చుట్టుకున్న కొంగు విప్పడానికే కొంతసేపు పట్టింది. చెయ్యి పైకెత్తింది. అరచెయ్యి తెచ్చి చెంప కింద ఆనించింది.

"అదేనండీ!" అన్నాడు కామేశ్వరరావు వెంటనే. "సరిగ్గా అదే. నేను చూసిందే రాశాను." ఆయన మొహంలో పెద్ద బరువు దిగిన తేలిక కనబడింది. గోదావరి వైపు మనిషి. ఈ మిల్లుకు వచ్చి అయిదారు నెలలైనా కాలేదు. ఒక మనిషి నౌకరీ తన రిపోర్టు మీద ఆధారపడి ఉందన్న సంగతి ఆయన నిద్రను కూడా కొద్దిగా చెడగొట్టినట్టుంది.

"సరే. దాని అర్థమేందమ్మా?" అన్నాడు వకీలు, కలం పట్టుకుని.

మల్లక్క బల్ల మీదికి చూసింది. ఎదురుగా వెంకట్రాజం చెయ్యి ఉంది. గట్టిగా మూసిన పిడికిలి. గేటు దగ్గర రోజూ ఏ పిడికిలి కోసం ఎదురుచూస్తుందో అదే. పని ఉంది, రేపు ఉంది, ఎల్లుండి ఉంది అంటోంది ఆ పిడికిలి. వకీలుకు అది ఒక మనిషి చెయ్యి, అంతే. ఆమెకు తన ఇంటి పొయ్యి.

కళ్ళు పక్కకు తిప్పుకుంటే సిద్దిరాములు కనబడ్డాడు. తలవంచుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు, గుండీలు మాత్రం ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. అది చూడగానే మల్లక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ మనిషి పక్కన ఒక్కరు కూర్చుని ఉంటే ఆ గుండీ సంగతి చెప్పేవాళ్ళు కదా.

"చెప్పమ్మా."

"రాత్రి పాళీ సార్," అంది మల్లక్క.

అన్నాక గానీ తను అన్నదని ఆమెకే తెలియలేదు.

కలం ఆగింది. "ఏమన్నవు?"

"గట్ల వెడితే రాత్రి పాళీ అని సార్. ఆయన రాత్రి పాళీ మనిషి అని చెప్పిన. పండుకున్నడని చెప్పలే."

రాజేశ్వర్ రావు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "పండుకున్నట్టు చెయ్యి పెట్టి, పండుకోలేదని అర్థమా? చిన్నపిల్లల్ని అడిగినా చెప్తరు గదమ్మా అది నిద్ర అని!"

"బైటోళ్లకు నిద్రనే సార్. మాకు గాదు. లోకమంత పండుకునే యాళ్ల పనిచేసేటోడు అని. మిల్లుల ఎవలనన్న అడుగుండ్రి."

"మిల్లులో అందర్నీ తీసుకొచ్చి అడగాలా ఇప్పుడు?" వకీలుకు విసుగు వచ్చింది. కానీ వకీలు వకీలే. ఒక మాట విన్నాక దాన్ని తిప్పి చూడకుండా ఉండలేడు. "సరే, నువ్వన్నట్టే రాత్రి పాళీ అనుకుందాం. అప్పుడు పగలు పది గంటల వేళ. రాత్రి పాళీ మనిషి మిల్లులో ఎందుకున్నడు?"

ఇదీ అసలు గొయ్యి. మల్లక్క దాని అంచు మీద నిలబడింది. వెనక్కి పోదామంటే ముందే ఒక మాట అనేసింది.

"ఎందుకున్నడమ్మా?"

"నిలవెట్టిండ్రు సార్. రాత్రి చేసినాయన్నే పొద్దుగాల మళ్ల నిలవెట్టిండ్రు."

"ఎవరు నిలబెట్టిండ్రు?"

పేరు నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఎదురుగా కూర్చున్న మనిషి పేరు అతని ముందే ఎలా చెబుతుంది? నోరు రాలేదు గానీ, రోజూ మాట్లాడే చెయ్యి ఊరుకోలేదు. దానంతట అదే లేచి భుజం మీద తట్టింది. ఒకసారి. రెండుసార్లు.

"అదేంది మళ్ళా?" అన్నాడు వకీలు. "నోటితో చెప్పు. సైగలు రికార్డు చెయ్యను నేను."

వకీలుకు అర్థం కాలేదు. అర్థమైనవాడు ఎదురుగా ఉన్నాడు. వెంకట్రాజం మొహం మారలేదు. బల్ల మీది పిడికిలి మాత్రం నెమ్మదిగా విచ్చుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే చాచుకున్నాయి. అరచెయ్యి ఒక్క క్షణం వెల్లకిలా ఉండి, తర్వాత బోర్లా తిరిగింది.

రేపు లేదు. ఎల్లుండి లేదు. ఇంట్లో ఎల్లస్వామి ఆగిన మగ్గం పక్కన మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం మల్లక్క కళ్ళ ముందు కనబడింది. ఈ ఊళ్ళో ఇంకో మిల్లు గేటు దగ్గర నిలబడినా అక్కడి మిస్త్రీ ఇతని తోడల్లుడే.

ఆ బోర్లా తిరిగిన చేతిని చూసినవాడు ఇంకొకడున్నాడు. సిద్దిరాములు తల ఎత్తాడు. మల్లక్క వైపు చూసి, చూపుడువేళ్ళు రెండూ కలిపి చటుక్కున విడదీశాడు. పోగు తెగింది, ఆపు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అతను మళ్ళీ విడదీశాడు. తర్వాత వకీలు వైపు తిరిగి లేచి నిలబడ్డాడు.

"సార్, ఆమెను ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు. "ఆమెకేం తెల్వదు. నేను పండుకున్న."

"ఏమంటున్నవు సిద్దిరాములూ? ఆలోచించుకొని చెప్పు," అన్నాడు వకీలు. అన్నాడే గానీ కలం అప్పుడే కాగితం మీద ఉంది.

"ఆలోచించుకునేది ఏం లేదు సార్. డ్యూటీల పండుకున్న. యాకయ్య చెయ్యి నా వల్లనే పోయింది. ఎవ్వలు నన్ను నిలవెట్టలే."

"అన్నా!" మల్లక్క కేక వేసింది. "అబద్ధం సార్! నన్ను జూసి చెప్తాండు. నా పని పోతదని చెప్తాండు!"

"నువ్వు ఊకో చెల్లె."

అతని మాటలో సగం ఆమె కోసం, సగం దవాఖానలో మంచం మీదున్న యాకయ్య కోసం అని మల్లక్కకు అర్థమైంది. కళ్ళు మూతపడ్డాయో లేదో తెలియని మనిషి, తెలియనిదాన్ని మోస్తూ తిరగలేక, పడుకున్నానని ఒప్పేసుకుంటున్నాడు. ఒప్పుకుంటే కనీసం ఒకటి తేలిపోతుంది. కానీ ఆ తేలికకు మూల్యం అతని బతుకు. అతన్ని పాళీ మీద పాళీ నిలబెట్టినవాడు మాత్రం తువ్వాల సర్దుకుని ఇంటికి పోతాడు. ఆమెకు సిద్దిరాములు మీద చెప్పలేనంత కోపం వచ్చింది, చెప్పలేనంత ప్రేమా కలిగింది.

రాజేశ్వర్ రావు రాయడం ముగించి తల ఎత్తాడు. ఇప్పుడు ఆయన గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"మల్లక్కా, విన్నవు గదా. నేరస్తుడే ఒప్పుకున్నడు. అంటే ఇప్పటిదాకా నువ్వు చెప్పింది అబద్ధం. విచారణలో తప్పుడు సాక్ష్యం చెప్పడం కూడా దుష్ప్రవర్తన కిందికే వస్తది. మిల్లు స్టాండింగ్ ఆర్డర్స్‌లో స్పష్టంగా ఉన్నది. బద్లీదానివి, నిన్ను తీసెయ్యడానికి ఇంత పెద్ద బల్ల కూడా అవసరం లేదు. తెలుసా నీకు?"

"నేను అబద్ధం చెప్పలే సార్."

"అయితే ఆయన చెప్పిండా? ఒప్పుకుంటే నౌకరీ పోతదని తెలిసి ఎవడన్నా అబద్ధం చెప్తడా?"

దీనికి లోకంలో ఎవరు జవాబు చెప్పగలరు? చట్టం చదివినవాళ్ళకు ఈ ప్రశ్న సమంజసంగానే ఉంటుంది. మనిషి తన మేలు కోసమే అబద్ధమాడతాడని వాళ్ళ నమ్మకం.

వకీలు కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. పక్కన ఇంకు పెట్టె పెట్టాడు. "ఒక అవకాశమిస్తున్న. భయపడి ఏదో అన్నాను, ఆ సైగకు పండుకున్నడనే అర్థం అని రాస్త. వేలిముద్ర వెయ్యి. ఇంతటితో అయిపోతది. లేదంటే నీ మీద వేరే చార్జిషీటు."

వెంకట్రాజం చెయ్యి బల్ల మీద కదిలింది. మళ్ళీ నెమ్మదిగా పిడికిలి అయ్యింది. ఒక్క వేలిముద్ర వేస్తే పోయిన పని మళ్ళీ ఉంది.

మల్లక్క తన కుడిచేతిని చూసుకుంది. చెంప కింద పెట్టినందుకు ఒక మనిషి మెడకు చుట్టుకుంది ఈ చెయ్యి. భుజం తట్టినందుకు తన మెడకే చుట్టుకుంది. ఇప్పుడు ఇంకులో ముంచితే మళ్ళీ అతని మెడకే. వేస్తే ఎల్లస్వామికి అన్నం పెట్టగలదు గానీ, ఈ జన్మలో సిద్దిరాములు భార్య మొహం చూడలేదు. వెయ్యకపోతే ఎల్లస్వామి మొహం చూడలేదు.

"వెయ్యి చెల్లె," అన్నాడు సిద్దిరాములు మెల్లగా. "నా మీద ఒట్టు."

ఆమె చేతిని వెనక్కి లాక్కుని రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. తల అడ్డంగా ఊపింది. అలా ఊపుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చేతులు పైకి తీయకుండా.

"సరే, నీ ఖర్మ," అన్నాడు వకీలు. కొత్త కాగితం తీసుకున్నాడు.

"ఒక్క నిమిషమండీ," అన్న మాట వినబడింది.

అందరూ అటు చూశారు. కామేశ్వరరావు. ఆయన కళ్ళద్దాలు తుడవడం మానేసి చాలాసేపయినట్టుంది. అద్దాలు బల్ల మీదే ఉన్నాయి. ఆయన చూపు ఎవరి మీదా లేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా తన కుడిచేతిని మెల్లగా ఎత్తి, చెంప కింద పెట్టుకుని చూసుకున్నాడు.

"మీ పని అయిపోయింది కామేశ్వరరావు గారూ, మీ రిపోర్టు కరెక్టేనని తేలింది," అన్నాడు వకీలు.

"అదేనండీ నాకు భయం వేస్తున్నది," అన్నాడు కామేశ్వరరావు. పక్కకు తిరిగాడు. "ఏమండీ మిస్త్రీ గారూ, నిన్న సాయంత్రం గేటు దగ్గర మీరు నిలబడి ఉన్నారు. నేను సైకిల్ తీసుకుని బయటికి వస్తున్నాను. పగలంతా పనిచేసి ముగ్గురు ఇంటికి పోతున్నారు. వాళ్ళకు మీరు ఇదే చూపించారు. ఇలాగే. చెంప కింద చెయ్యి."

వెంకట్రాజం తువ్వాల సర్దుకున్నాడు.

"ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి అంటున్నారనుకున్నాను. ఎంత మంచి మనిషి అనుకున్నానండీ మిమ్మల్ని." కామేశ్వరరావు బల్ల మీది కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. "కానీ వాళ్ళు ఇంటికి పోలేదు. నా పక్కనుంచే వెనక్కి తిరిగి మిల్లు లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారు?"

రాజేశ్వర్ రావు కలం మూత పెట్టాడు. తర్వాత ఏమనుకున్నాడో మళ్ళీ తీశాడు.

సిద్దిరాములు నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. మల్లక్క గుండె ఒక్కసారి పైకి లేచింది. మరుక్షణమే చల్లబడిపోయింది. ఎందుకంటే ఆమె కళ్ళు, అలవాటు కొద్దీ, వెంకట్రాజం నోటి మీద కాక చేతుల మీదే ఉన్నాయి. పిడికిలి లేదు, బోర్లా అరచెయ్యీ లేదు. అతను ఆమెకేసే చూస్తూ, రెండు చేతులనూ బల్ల కిందికి తీసుకున్నాడు. ఆ చేతులు ఇప్పుడు ఏమంటున్నాయో ఆమెకు కనబడలేదు.